ఇతురాల్దే ముక్కు

“ఏ ఇంటివాడివి?”

గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది మారిచు.

వాకిట్లో ఉన్న మనిషి పొట్టిగా, నల్లగా ఉన్నాడు. చేతిలో టోపీ. బూట్ల నిండా కొండదారి బురద.

“నాకు ఇల్లు లేదమ్మా. ఓడ మీదే బతుకు.”

“మరి ఇక్కడేం పని?”

“ఈ ఇల్లు ఒకసారి చూద్దామని...”

మారిచు ముఖం బిగుసుకుంది. వారం నుంచి ఇల్లు చూస్తామని వచ్చినవాళ్ళంతా రాతి క్వారీ మనుషులే.

ఊటను ఆనుకుని ఉన్నందుకు ఆ ఇంటికి ఇతురాల్దే, అంటే వాళ్ళ భాషలో ఊటపక్క, అని పేరు. అందులో పుట్టినవాళ్ళకూ అదే పేరు. మెక్సికో, చిలీ, మనీలా, ఎక్కడికి పోయినా ఆ పేరును వెంట తీసుకుపోయారు. ఇక్కడ మిగిలిన ముసలి యజమానురాలు ఒక్కతీ చలికాలంలో పోయింది.

మారిచు, ఆమె భర్త ఫెర్మిన్ మూడు తరాల కౌలుదార్లు. ఊరంతా వాళ్ళనూ ఇతురాల్దే వాళ్ళనే పిలుస్తుంది. కాగితాలు ఒప్పుకోవు. ఈ మధ్యాహ్నం పన్నెండులోగా రక్తసంబంధం ఉన్న వారసుడు సంతకం పెట్టకపోతే ఇల్లు వేలానికి పోతుంది.

సముద్రాలవతలికి పదహారు ఉత్తరాలు రాశారు. ఏదో రేవు నుంచి ఒక్క టెలిగ్రాం వచ్చింది. ‘గురువారం వస్తున్నాను. ఇతురాల్దే.’

ఇవాళ గురువారం. పదకొండు దాటింది.

“వచ్చాడా?” లోపల్నుంచి ఫెర్మిన్ కేక.

“ఆయన కాదు. ఎవడో కళాసీ.”

అతను మారిచు భుజం మీదుగా లోపలికి చూశాడు. పొయ్యి పక్కన పెద్ద కుర్చీ. దాని మీద తెల్లగుడ్డ. బల్ల మీద కొత్త రొట్టె.

“ఎవరి కోసమమ్మా?”

“ఈ ఇంటి మనిషి కోసం.”

“ఎప్పుడూ చూడని మనిషిని ఎలా గుర్తుపడతారు?”

ఫెర్మిన్ బయటికొచ్చాడు. లోపల గోడ మీదున్న పాత యజమానుల పటాలు చూపించి నవ్వాడు.

“ఆ ముక్కులు చూశావుటయ్యా? ఇతురాల్దే వాళ్ళకి ముక్కు ముందొస్తుంది, మనిషి అరగంట ఆగి వస్తాడు. నీలాంటి చప్పిడి ముక్కువాడు ఈ ఇంట పుడితే ఊట ఎండిపోదూ!”

అతనూ నవ్వాడు. పటాలను చాలాసేపు చూశాడు. చొక్కా లోపలికి వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగింది.

“ఊట దగ్గర నీళ్ళు తాగొచ్చా?”

“తాగి నీ దారి చూసుకో. ఇవాళ మా ప్రాణం మీదికొచ్చింది.”

అతను కదల్లేదు. చెయ్యి పైకెత్తి, గుమ్మం రాతి మీద చెక్కిన అక్షరాలను ఒక్కొక్కటే తడిమాడు.

“చెయ్యి తియ్! కొలతలు తీస్తున్నావా?” మారిచు చీపురు ఎత్తింది.

అతను తలవంచి ఊట వైపు నడిచాడు. దోసిలితో తాగాడు. గట్టు మీద నిమిషం కూర్చున్నాడు. తర్వాత కొండ దిగిపోయాడు.

కింద మలుపులో రేవుకు పోయే బస్సు హారన్ మోగింది.

పన్నెండుకు పది నిమిషాలుండగా వారసత్వ కాగితాలు చూసే నోటరీ కొండెక్కి వచ్చాడు. వెనకే క్వారీ మనిషి.

“ఏడమ్మా మీ వారసుడు?”

“దారిలో ఉంటాడండీ. ఇంకా గంట కొట్టలేదుగా.”

ఫెర్మిన్ మలుపు దాకా పరుగెత్తి వచ్చాడు. దారి ఖాళీ.

క్వారీ మనిషి గడియారం చూసుకున్నాడు. నోటరీ ముఖం కడుక్కోవడానికి ఊట దగ్గరికి వెళ్ళాడు.

“గట్టు మీద ఈ పొట్లం ఎవరిది?”

మైనపు గుడ్డ విప్పితే మారిచు రాసిన ఉత్తరమే. మడతల దగ్గర నలిగి, చిరిగి ఉంది. దాని కింద ముద్రలు వేసిన కాగితం.

నోటరీ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. “‘మా తాత పుట్టిన ఇంట్లో ఇప్పుడున్నవాళ్ళే ఉండాలి.’ మనీలాలో ఉన్న మన దేశ ప్రతినిధి, కాన్సల్ ఎదుట పెట్టిన సంతకం. సరిపోతుంది. ఇల్లు మీకు దక్కిందమ్మా.”

చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలైంది.

“ఇంతకీ ఆ పెద్దమనిషి ఏడీ? లోపల భోంచేస్తున్నాడా?”

మారిచు ఆ కాగితం చేతిలోకి తీసుకుంది.

కాగితం చివర, గుమ్మం రాతి మీద చెక్కిన పేరే సంతకంగా ఉంది. దాని కింద వృత్తి అన్నచోట, ‘ఓడ కళాసీ’.