ఎర్రగా రావాల్సిన పరీక్ష

ఇండోనేషియాలోని బాండుంగ్‌లో వాన వెలిసిన రాత్రి, ఆఫీసులో నెనెంగ్ ఒక్కతే ఉంది. బడిపిల్లల కోసం కట్టిన ప్రోగ్రామింగ్ భాషకు ఇంటర్‌ప్రెటర్, అంటే ఆ భాషలో రాసింది చదివి నడిపే ప్రోగ్రాం, పొద్దుటికల్లా అందించాలి. ఎప్పటిలాగే, గుణకారం చేసే కోడ్ కంటే ముందే దాన్ని సరిచూసే పరీక్ష రాసింది. కోడ్ ఇంకా రాయలేదు కనుక అది తప్పి ఎర్రగా రావాలి. కానీ నెగ్గినట్టు పచ్చగా వచ్చింది.

తోటి ఉద్యోగి దాదాంగ్‌కు ఫోన్ చేసింది.

"నిద్రమత్తులో నువ్వే రాసేసుంటావులే," అని నవ్వాడతను.

"లేదన్నా. లెక్కకట్టే భాగమంతా తీసేశాను. అయినా పచ్చే."

నవ్వు ఆగింది. "పెద్ద లెక్క ఇచ్చి చూడు."

ఇచ్చింది. జవాబు ఒక్కో అంకెగా, నెమ్మదిగా పడసాగింది. మధ్యలో ఒక అంకె చెరిగి, ఇంకోటి పడింది.

"అన్నా, తప్పు దిద్దుకుంటోంది," అంది గుసగుసగా.

"ఆపెయ్యమ్మా. పొద్దున దాన్ని పిల్లలు ముట్టుకుంటారు."

ఆపే మీట మీద వేలు పెట్టింది. లోపల ఎవరో గానీ, అంత శ్రద్ధగా లెక్క చేసుకుంటున్నవాళ్లను మధ్యలో ఎలా ఆపడమా అని, అలాగే చూస్తూ కూర్చుంది.