ఎర్ర అట్టముక్క

"గొంతు మీద కత్తి పెడితే సరి. గుర్రు పెట్టేవాడికి తెలియను కూడా తెలియదు" అన్నాడు వడ్రంగి.

"వాడికి మాత్రం పెళ్ళాం పిల్లలు ఉండరా?" అన్నాడు వంటాయన.

"ఉంటే ఉంటారు. వాడేమన్నా నీ మేనమామా?"

బల్ల మధ్యలో పాచిక కదలకుండా కూర్చుంది. సబ్బుముక్కను చెక్కి వడ్రంగి చేసిన పాచిక అది.

ఆట మాస్టారిది. ఆయన కథ చెబుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక వీరుడైపోతారు. ఏం చేయాలన్నది వాళ్ళ ఇష్టం. అది జరుగుతుందా లేదా అన్నది పాచిక ఇష్టం. వడ్రంగి కత్తివీరుడు. వంటాయన వైద్యుడు. దర్జీ గోడలెక్కే దొంగ. బాబాయ్ ముసలి మాంత్రికుడు. నలుగురూ గడ్డిబండిలో దాక్కుని కొండకోటలోకి చొరబడ్డారు. పని అయింది. ఇప్పుడు బయటపడాలి. ఉత్తర ద్వారం దగ్గర కాపలావాడొకడు స్తంభానికి చేరగిలబడి కునుకు తీస్తున్నాడు. తాళంచెవి వాడి నడుముకు వేలాడుతోంది.

మాస్టారు ఆ కాపలావాడికి నెరిసిన మీసం పెట్టాడు. మోకాలి నొప్పి కూడా పెట్టాడు. బాబాయ్ బల్ల కింద తన మోకాలు రుద్దుకున్నాడు.

బాబాయ్‌కి ఈ ఆటంటే ప్రాణం. మొదట్లో అందరూ ఆయన్ని "సార్" అనేవారు. ఈ బల్ల దగ్గర సార్లు లేరని మాస్టారు తేల్చేశాక "బాబాయ్" అయ్యాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన్ని ఎవరూ వరస కలిపి పిలిచిన పాపాన పోలేదు. "నీ వయసేంటి, నీ ఆటలేంటి?" అని భార్య దెప్పినా వినడు. పై ఆఫీసరుకి ఈ వ్యవహారం బొత్తిగా గిట్టదు. బాబాయ్ పూచీ పడ్డాడు కాబట్టి సరేనన్నాడు. "ఒక్క కేక బయటికి వినిపించిందో, ఆట బంద్" అని మాత్రం ముందే చెప్పాడు.

ఇప్పుడు కేకలు మొదలయ్యేలా ఉన్నాయి.

"నిద్రపోయేవాణ్ణి చంపే ముఠాలో నేనుండను. నా వైద్యుడు వెళ్ళిపోతున్నాడు."

"ఎక్కడికి పోతాడు? ద్వారం మూసుందిగా!"

"నోరు పారేసుకోకు."

"నువ్వు కూరలో పారేసే ఉప్పు కంటే తక్కువేలే."

వంటాయన బల్ల చరిచాడు. టీ గ్లాసులు ఎగిరిపడ్డాయి. "మీరూ మీరూ తన్నుకోండి, నేను పోయి పడుకుంటా" అని దర్జీ లేచాడు.

బాబాయ్ తలుపు వైపు చూశాడు. ఇంకొక్క మాట పెరిగితే ఆటా ఉండదు, బాబాయ్ అనే పిలుపూ ఉండదు. చెయ్యి చాపి బల్ల అంచున ఉన్న ఎర్ర అట్టముక్కను ముట్టుకున్నాడు.

లేచిన దర్జీ అక్కడే ఆగిపోయాడు.

బాబాయ్ తెచ్చిన బిస్కెట్ డబ్బా మూతను కత్తిరించి మాస్టారు పెట్టిన ముక్క అది. కథలో ఏదైనా మనసుకు కష్టమనిపిస్తే దాన్ని ముట్టుకోవాలి. ముట్టుకుంటే కథ వెనక్కి నడవాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఇంతవరకూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మగాళ్ళు కదా, మనసుందని ఒప్పుకోవడానికి నామోషీ.

"ఎందుకు బాబాయ్..." అనబోయిన వడ్రంగిని మాస్టారు కళ్ళతోనే ఆపాడు.

"అడగం. అది మనం పెట్టుకున్న మాట. కాపలావాడు బతికే ఉన్నాడు. గుర్రు పెడుతూనే ఉన్నాడు."

వంటాయన గట్టిగా ఊపిరి వదిలాడు. దర్జీ మళ్ళీ కూర్చున్నాడు.

"సరే, వాడి ఒంటి మీద చెయ్యి వెయ్యను. ఒట్టు" అన్నాడు వడ్రంగి. "మరి తాళంచెవి ఎలా వస్తుంది? ఊదితే వస్తుందా?"

"పోట్లాట ఎందుకర్రా?" అన్నాడు బాబాయ్. "వాణ్ణి లేపండి. కబుర్లు చెప్పండి. కూర్చోబెట్టి ఏదన్నా ఆట ఆడించండి. పాపం, పొద్దస్తమానం నిలబడే వాడికి పలకరించే దిక్కుండదు. నాలుగు మంచి మాటలకే కరిగిపోతాడు. ఆటలో పడ్డాడా, ఇక నడుముకు గుడ్డ ఉందో లేదో కూడా చూసుకోడు."

దర్జీ మాస్టారి వంక చూశాడు. మాస్టారు కళ్ళజోడు తీసి నింపాదిగా తుడుచుకున్నాడు.

"బాబాయ్ మాట అందరికీ సమ్మతమేనా?"

"ఎవరికీ దెబ్బ తగలదు కదా, నాకు సమ్మతమే" అన్నాడు వంటాయన.

"నాకూ" అన్నాడు వడ్రంగి.

"అయితే వెయ్యి బాబాయ్. నాలుగు దాటితే తాళంచెవి మనదే."

బాబాయ్ పాచికను అరచేతుల మధ్య దొర్లించి, దాని మీద ఊది, వేశాడు. ఆరు పడింది!

కేకలు పెట్టకూడదు కాబట్టి అందరూ తువ్వాళ్ళు నోట్లో కుక్కుకుని నవ్వారు. వడ్రంగి సంతోషం పట్టలేక బాబాయ్‌ని రెండు చేతులా నడుము పట్టుకుని గిర్రున తిప్పేశాడు. దర్జీ భుజం చరిచాడు. వంటాయనకైతే కళ్ళలో నీళ్ళే తిరిగాయి. "నువ్వు చల్లగా ఉండాలి బాబాయ్" అన్నాడు.

టీ వెచ్చబెట్టుకొస్తానని వంటాయన వెళ్ళాడు. గ్లాసులు కడగడానికి దర్జీ, సాయం పట్టడానికి వడ్రంగి వెళ్ళారు. మాస్టారు ఆఖరున లేచి, ఎర్ర అట్టముక్కను బాబాయ్ చొక్కా జేబులో పెట్టాడు.

"ఇది నీ దగ్గరే ఉంచుకో. ఇవాళ చాలా మంచి పని చేసింది."

బాబాయ్ ఒక్కడే మిగిలాడు. కిటికీ ఊచల నీడ బల్ల మీద పొడుగ్గా సాగింది. గొడవ సమసింది. ఒక్క కేక కూడా బయటికి పోలేదు. ఈసారి క్రీము బిస్కెట్లు తేవాలనుకున్నాడు. ఊసుపోక పాచికను మళ్ళీ వేశాడు. ఆరే పడింది. ఇంకోసారి వేశాడు. మళ్ళీ ఆరే.

"చెయ్యి తిరిగింది" అని మురిసిపోయాడు.

బయట గంట కొట్టారు.

ఖైదీలను గదుల్లో పెట్టి తాళాలు వేసే వేళయిందని బాబాయ్ లేచి అలవాటుగా నడుము తడుముకుంటే, బెల్టుకి ఉత్త కొక్కెం వేలాడుతోంది.