ఉత్తరాల్లో రేవులు

"ఎరుపని రాశారు కదండీ?"

బస్సు కిటికీలోంచి గడియార స్తంభాన్ని చూపిస్తూ అడిగిందావిడ. ఒళ్ళో మడతలు నలిగిన పాత ఉత్తరం ఉంది. ఎదురుగా స్తంభమేమో పాలలా తెల్లగా ఉంది.

"తర్వాత సున్నం వేసుంటారు," అన్నాడాయన.

"పక్కనే సముద్రమన్నారు. ఇది కొండ మీదుందే! కొండక్కూడా సున్నం వేశారా?"

"వాడి నోరు పడిపోను," అని గొణిగాడాయన.

"ఎవరిదీ?"

"మా ఓడ వంటవాడిది. ఏం లేదులే."

ఆ వంటవాడు ఆవిడకి ఉత్తరాల్లో బాగా తెలిసినవాడే. కూరగాయలకని ప్రతి రేవులోనూ అందరికంటే ముందు దిగేది, తిరిగొచ్చి ఊరి కబుర్లు చెప్పేది అతనేనట.

ఆయన ముప్ఫయ్యేళ్ళు సరుకుల ఓడల్లో ఇంజను మెకానిక్కుగా పనిచేశాడు. ఆ ముప్ఫయ్యేళ్ళూ ఆవిడ ముగ్గురు పిల్లలతో, మంచాన పడ్డ అత్తగారితో గడప దాటలేదు. లోకమంతా ఒక్కడే చూసొచ్చాడన్న కడుపుమంట ఆవిడకి లేకపోలేదు. కానీ ప్రతి రేవునుంచీ ఉత్తరం వచ్చేది. ఒకదాంట్లో, "ఇక్కడ సముద్రంలోకి దిగే రాతిమెట్లున్నాయి. వాటిమీద కూర్చుని నువ్వుంటే బాగుండుననుకున్నాను. రిటైరయ్యాక అన్నీ చూపిస్తాను," అని రాశాడు. ఆ మాట పట్టుకునే సంసారం ఈదుకొచ్చింది. ఇన్నాళ్ళకి పది రోజుల్లో నాలుగు దేశాలు, ఊళ్ళలో బస్సు, ఊరికీ ఊరికీ మధ్య చిన్న ఓడ.

రెండో దేశంలో ఆయన దారి తప్పి, పూలమ్మే మనిషిని సైగలతో అడిగాడు.

"పన్నెండుసార్లు వచ్చిన ఊళ్ళో దారి అడుగుతారేంటండీ?"

"ఊరు పెరిగిపోయిందే."

మూడో దేశంలో ఉత్తరంలోని వంతెన అసలు లేనేలేదు. ఆవిడ మనసు విరిగిపోయింది. ఈయన ఊళ్ళు చూడకుండా ఎక్కడ కాలక్షేపం చేసినట్టు? ఎవరింట్లో? మాట్లాడటం మానేసింది. ఆయన కిటికీ సీటు ఇవ్వబోయినా అక్కర్లేదంది.

చివరి రేవులో ఓడ ఆగింది. అందరూ దిగడానికి పైమెట్లెక్కుతుంటే ఆయన కింద ఇంజను గదికెళ్ళే మెట్లవైపు తిరిగాడు.

"ఎక్కడికండీ? దిగేది పైనుంచి!"

"అలవాటే," అని సిగ్గుపడ్డాడాయన.

నూనె మరకల బట్టలతో ఓడ మెకానిక్కు ఎదురొచ్చాడు, మన తెలుగువాడే. "మీరు ఊరు చూసి రండి, పెద్దాయనా. ఓడ ఆగితేనే కదా మాకు పని మొదలు!"

ఆయన ఆ మెకానిక్కు భుజం మీద చెయ్యేసి చాలాసేపు తియ్యలేదు.

రాతిమెట్లు మాత్రం ఉన్నాయి, సముద్రంలోకి దిగుతూ, అచ్చం ఉత్తరంలో రాసినట్టే. ఆయన మెల్లగా కూర్చుని, రాతిని అరచేత్తో నిమిరాడు. కళ్ళు చెమర్చాయి.

"నిజం చెప్పండి. ఇక్కడ మీకెవరున్నారు?"

"ఎవరూ లేరే."

"మరి ఆ కన్నీళ్ళెందుకు? పన్నెండుసార్లు చూసిన మెట్లేగా!"

ఆయన ఆవిడ చేతిలోని ఉత్తరం తీసుకుని, జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టాడు.

"నేనూ ఇవాళే చూస్తున్నానే."