ఇరుకు దారిలో పంపిన మాట

ఆసుపత్రి వైఫై కాల్స్‌నూ మెసేజ్‌లనూ ఆపేస్తుంది. ఏ సైటు ఎక్కడుందని ఫోను అడిగే చిన్న చిన్న ప్రశ్నలను మాత్రం ఆపదు. నెట్‌వర్కులు చూసుకోవడమే నా ఉద్యోగం. అన్నయ్యను వార్డులో చేర్చిన రోజే అతని ఫోనులో ఒక ప్రోగ్రాం పెట్టాను. ఆ ప్రశ్నలకు వెళ్ళే జవాబుల్లో నా మాటను ముక్కలు చేసి దాచాను. అంత ఇరుకు దారిలో గొంతు పట్టదు, అక్షరాలే పడతాయి.

తెల్లారితే ఆపరేషను. అప్పటిదాకా ఎవరినీ లోపలికి రానివ్వరు.

“అన్నయ్యా, నిన్న నోరు జారాను. క్షమించు.”

సాయంత్రానికి అది చేరినట్టు గుర్తు కనిపించింది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

మర్నాడు మధ్యాహ్నం నర్సు బయటికొచ్చి అతని ఫోను నా చేతిలో పెట్టింది.

“ఇంజనీరమ్మ మీరేనా? మీ అన్నయ్య బతకలేదమ్మా.”

ఫోను తెర వెలిగించాను. “నా మెసేజ్ చూశాడా?”

“చూడకేం! మా చెల్లి పంపిందని వార్డంతా చూపించారు. చదివి పెడతానంటే మాత్రం ఒప్పుకోలేదు. ‘వద్దులే అమ్మా, అదే వచ్చి చదువుతుంది’ అన్నారు.”

నేను నోరు జారి అన్నయ్యను అన్న మాట, “అక్షరం ముక్క రానివాడివి, నీకేం తెలుసు?”