కాలికి తగలనిది

డూగల్ పడవ బోల్తాపడి, శవం దొరకనప్పటి నుంచి సాల్వే తీరంలో ఎవరూ నాలుక చేప ముట్టలేదు. ఊరి కట్టుబాటు అది. ఆ చేపలు అడుగు బురదలో నక్కి, ఏది దొరికితే అది తింటాయి.

ఏడాదిగా నల్లబట్టలు విడవని అతని భార్య ఎల్స్‌పెత్ చర్చి నుంచి వచ్చేసరికి ఇల్లంతా వేపుడు వాసన. అత్త నాలుక చేప తింటోంది. ఆమెకు మోకాళ్లదాకా బురద. వట్టికాళ్లతో నీళ్లలోకి దిగి, తనే చేపను తొక్కిపట్టింది.

“ఎలా దిగబుద్ధయిందత్తా? నీ కొడుకున్న బురద అది! ఆయనే నీ కాలికి తగిలుంటే?”

“తగల్డులేవే,” అంది అత్త ముల్లు ఏరుతూ. అన్నాక ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఎల్స్‌పెత్ నల్ల టోపీ తీసి బల్లమీద పెట్టింది.

“ఎవరితో ఉంటున్నాడు?”