పిట్టగోడ దాకా

"పైలం! కింద పడతవ్!"

టిఫిన్ డబ్బాతో మేడమీదికొచ్చిన కౌసల్య పెట్టిన కేకకు, పిట్టగోడ పక్కన నిలబడ్డ మల్లేశం గజగజ వణుకుతూ కూలబడ్డాడు. అతను సినిమా ఫైటరు. షూటింగులో తాడు తెగి పడ్డప్పటి నుంచి ఎత్తంటే భయం. ఆ భయం పోగొట్టే వైద్యం మీదే కౌసల్య కూతురు నవత ఈ ఫిల్మ్‌నగర్ ఆసుపత్రిలో పరిశోధన చేస్తోంది.

"ఇన్నొద్దులు కష్టపడితే ఇయ్యాల గోడ దాకా వచ్చిండమ్మా," అంది నవత నీరసంగా.

కౌసల్య డబ్బా కింద పెట్టి చెంపలేసుకుంది. "తప్పయింది తమ్మీ. నా నోట్ల మన్నువడ!"

"ఎత్తుకైతే భయం కాలేదక్కా," నవ్వబోయాడు మల్లేశం. "నీ కేకకే పానం పోయినంత పనైంది."

"నాక్కూడ చిన్నప్పటి సంది గంతే అన్నా," అంది నవత నవ్వుతూనే.

కౌసల్యకు నవ్వు రాలేదు. సైకిలు, ఈత, ఊయల... కూతురు మధ్యలో వదిలేసినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. పుట్టుకతోనే పిరికి పిల్లని అందరికీ చెప్పుకుంటూ వచ్చింది తను.

మల్లేశం మళ్లీ లేచాడు. అతని పక్కనే నవత కూడా గోడ దాకా నడిచింది. భయంతో గోడను రెండు చేతులా బిగించి పట్టుకుంది. అయినా వంగి కిందికి తొంగిచూసింది.

కౌసల్య కొంగు నోట్లో కుక్కుకుని, నిలబడ్డచోటే నిలబడింది.