అరచేతిలో పట్టేంత

“చేత్తో పట్టుకుంటేనే ఇస్తాను. లేకపోతే లేదు,” అన్నాడు రాదిమ్, పాముల డబ్బాల మీద చెయ్యి అడ్డం పెట్టి.

కొనడానికొచ్చిన ముసలి బ్లాజెన కోటు జేబుల్లోంచి చేతులు బయటికి తియ్యలేదు. కోలీన్ ఊళ్ళో ఆదివారం పాముల సంత అది. హాలు నిండా బల్లలు, బల్లల నిండా మూతలకి బెజ్జాలు పొడిచిన ప్లాస్టిక్ డబ్బాలు. ముసలావిడ గుమ్మం దగ్గర్నించి ఈ బల్ల దాకా కళ్ళు నేల మీదే పెట్టుకుని నడిచొచ్చింది పాపం.

“డబ్బాతో సహా ఇచ్చెయ్ నాయనా. పట్టుకోవడం దేనికి?”

“పెంచేదెవరు?”

“నేనే.”

“ఇంతకు ముందు పెంచారా?”

“మా ఆయన పెంచాడు. ఒక గది నిండా కొండచిలువలే.”

“మరి మీరు?”

“ఆయన ఆ గది తలుపు తీశాడంటే, నేను వంటింట్లో కుర్చీ ఎక్కి కాళ్ళు పైకి పెట్టుకునేదాన్ని.”

పక్క బల్ల మీద పాములవాళ్ళకి ఎలుకలమ్మే ఆవిడ పకపకా నవ్వింది. “ఆవిడకి బూటు లేసు ఇచ్చి పంపు రాదిమ్. అదైతే కరవదు.”

రాదిమ్ నవ్వలేదు. “అయితే ఆయన్నే రమ్మనండి పెద్దమ్మా.”

“రాలేడు. వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. మతిమరుపు.” బ్లాజెన గొంతు తగ్గించింది. “నన్ను గుర్తుపట్టడం లేదు నాయనా. రోజూ గసగసాల రొట్టె పట్టుకెళ్తాను. ‘అక్కడ పెట్టి వెళ్ళండమ్మా’ అంటాడు, ఎవరో ఆయాతో అన్నట్టు. టీవీలో పాము కనిపిస్తే మాత్రం లేచి కూర్చుని దాని పేరు చెప్తాడు. ఒకటి చేతిలో పెడితే, తెచ్చిందెవరో కూడా గుర్తొస్తుందేమోనని నా ఆశ. కిటికీ గట్టు మీద పట్టే పెట్టెలో, చిన్న పామైతేనే సరేనంది అక్కడి పెద్ద నర్సు.”

రాదిమ్ డబ్బాల మీంచి చెయ్యి తీశాడు. తర్వాత నారింజ రంగు పాముని చూపించాడు. “కొత్తవాళ్ళందరికీ దీన్నే ఇస్తాను. సాధువు.”

“ఎంత పెరుగుతుంది?”

“తోక మీద నిలబెడితే మీ భుజం దాకా.”

“నిలబెట్టకు. వద్దు.”

“అయితే ఇదిగో, ఈ పక్క డబ్బాలోది. బంతిలా చుట్టుకుని పడుంటుంది. కాకపోతే అలిగిందంటే నెలల తరబడి తిండి ముట్టదు.”

“అలాంటివాడు ఇంకొకడు ఉన్నాడు నాకు. రెండోది నా వల్ల కాదు.”

చివరికి అడుగున ఉన్న డబ్బా తీశాడు. చారల చారల ఇసుక బోవా, పొట్టి జాతి పాము. తోక కూడా తలలాగే మొద్దుగా ఉంది. “మగది. ఆడదైతే దీనికి రెండింతలవుతుంది. ఇది ఇక పెద్దగా పెరగదు. రోజంతా ఇసుకలో దూరి ముక్కు మాత్రం బయట పెడుతుంది.”

“కనబడదా? మరీ మంచిది!”

“ఎవరికి మంచిది? మీకా, ఆయనకా?”

“తిండేం పెట్టాలి?” అంది బ్లాజెన మాట తప్పించి.

“తిండి, వారానికో ఎలుకపిల్ల. చచ్చినవే అమ్ముతారు, ఫ్రీజర్లో దాచుకోవచ్చు.”

“నా ప్లమ్ పళ్ళ కుడుముల పక్కనా? సరే, అదీ కానీ.”

“ముందు చేతులు కడుక్కు రండి. రొట్టె వాసనొస్తున్నాయి.”

కడుక్కొచ్చింది. ఒకసారి చెయ్యి చాపి వెనక్కి లాక్కుంది. మళ్ళీ చాపింది, మళ్ళీ లాక్కుంది. “ఇంత వయసొచ్చాక నాకిదేం పరీక్షరా దేవుడా!” అంటూ కళ్ళు గట్టిగా మూసుకుని రెండు చేతులూ దోసిలి పట్టింది. రాదిమ్ దాన్ని నెమ్మదిగా అందులోకి జార్చాడు.

జిగటగా ఉంటుందనుకుంది. పొడిగా ఉంది, ఎండలో పెట్టిన తోలు సంచిలా. వేళ్ళ సందుల్లో దూరడానికి దారి వెతుక్కుంటోంది.

“కళ్ళు తెరవండి పెద్దమ్మా.”

“తెరిస్తే పారేస్తాను!”

“అయితే తెరవకండి.”

మూసిన రెప్పల కిందనించి కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎలుకలావిడ కూడా నవ్వడం మానేసింది.

“చాలు, ఇక వదిలెయ్యండి.”

“ఎలా వదలాలో చెప్పావా మరి!”

బయట చలికి పాము తట్టుకోదని డబ్బాని ఆమె కోటు లోపల, గుండెకి ఆనించి పెట్టించాడు రాదిమ్. బస్సులో కూర్చున్నంతసేపూ అది అక్కడే కదులుతోంది. ఆమె ఊపిరి బిగబట్టుకుని ఆశ్రమం దాకా వచ్చింది.

ఆమె భర్త ఒతకార్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు.

“చూడు, ఏం తెచ్చానో,” అంది బ్లాజెన. ఈసారి కళ్ళు మూసుకోలేదు. తన చేత్తోనే తీసి, తన చేత్తోనే ఆయన దోసిట్లో పెట్టింది.

వణికే ఆ చేతులు ఒక్కసారిగా నిదానించాయి. తోక తిప్పి చూశాడు. “మగది,” అన్నాడు. వేలితో వీపు నిమిరాడు. “ఈ మధ్యనే కుబుసం విడిచింది. మంచి చేతుల్లో పెరిగింది.” వారం రోజుల్లో ఆయన నోట్లోంచి ఇన్ని మాటలు రాలేదు.

అప్పుడు తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. బ్లాజెన మంచం అంచున కూర్చుంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

“చెప్పు,” అంది ఆమె. “చెప్పు ఒతకార్.”

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “దీన్ని గబగబా దాచెయ్యండమ్మా, మీకు పుణ్యముంటుంది. మా బ్లాజెన వచ్చే వేళయింది. దానికి పాములంటే చచ్చేంత భయం. ఇది కంటబడిందంటే గుమ్మంలోంచే వెళ్ళిపోతుంది.”